గోడ దాటే పిల్లి, ఓపిక దాటిన పొరుగు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రెండేళ్ల మగ పిల్లి, ఆపరేషన్ కాలేదు, రోజులో ఎక్కువ భాగం బయటే. పక్కింటివాళ్ల పూలమడుల్లో పెంట పెడుతోందని, గుమ్మం మీద మూత్రం చిమ్ముతోందని, కారెక్కి పడుకుంటోందని కొన్ని నెలలుగా గొడవ. మొన్న వాళ్లు "ఇంకోసారి కనబడితే ఏం చేస్తామో మాకే తెలీదు" అన్నారు. పిల్లిని శాశ్వతంగా ఇంట్లో బంధించడం మీకు ఇష్టం లేదు, అలాగని దాని ప్రాణం మీదికి తెచ్చుకోనూ లేరు.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. పిల్లిని లోపలికి తెచ్చి తలుపు వేయండి. ఎల్లకాలానికీ కాదు, మూడు వారాలకు. ఆ మాట కోపంలో అన్నదా, నిజంగానే అన్నదా అని తేల్చుకునే ప్రయోగం పిల్లి మీద చేయకూడదు. పైగా వారం రోజులు తోటలో పిల్లి కనబడకపోతే అవతలివాళ్ల కోపం సగం దిగుతుంది. మీరు వెళ్లి మాట్లాడేది ఆ తర్వాతే. పిల్లి అప్పుడే వాళ్ల గోడ మీద కూర్చుని ఉండగా "మేం చర్యలు తీసుకుంటున్నాం" అంటే ఎవరు నమ్ముతారు?

ఈ మూడు వారాల్లో మొదటి పని విత్తులు తీసే ఆపరేషన్. నాలుగైదు నెలల వయసులోనే చేయించదగ్గది ఇది. ఇప్పుడైనా మించిపోలేదు. మగ పిల్లి నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ గోడకో తలుపుకో మూత్రం చిమ్మడం, రాత్రిళ్లు అరవడం, వేరే మగ పిల్లులతో కొట్లాట, దూరదూరాలు తిరగడం, ఇవన్నీ చాలావరకు హార్మోన్ల పనే. ఆపరేషన్ తర్వాత సుమారు 90 శాతం మగ పిల్లుల్లో చిమ్మడం తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. కాకపోతే మర్నాడే ఆగదు. రక్తంలో హార్మోన్ తగ్గి అలవాటు మారడానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. ఈ గడువు పక్కింటివాళ్లకు ముందే చెప్పకపోతే "ఆపరేషన్ అన్నారు, ఏం మారింది?" అని పదో రోజునే అడుగుతారు. మత్తులో ఉన్నప్పుడే మైక్రోచిప్ కూడా పెట్టించేయండి. బియ్యపు గింజంత ఉంటుంది, రెండు భుజాల మధ్య చర్మం కింద పెడతారు, అందులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య మీద మీ ఫోన్ నంబరు నమోదు చేయించకపోతే చిప్ ఉన్నా లేనట్టే. చిప్ పిల్లి ఎక్కడుందో చెప్పదు, దొరికిన పిల్లి ఎవరిదో చెబుతుంది. రెంటినీ కలిపేసుకుని తర్వాత బాధపడేవాళ్లు చాలామంది.

అదే రోజున టీకాలు సరిచూడండి. బయట తిరిగే పిల్లికి రేబిస్, మామూలు మూడు జబ్బుల టీకాతో పాటు లుకేమియా వైరస్ టీకా గురించి కూడా డాక్టర్‌ని అడగండి. కొట్లాట గాయాల ద్వారా వచ్చే ఎఫ్‌ఐవీకి (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) పరీక్ష చేయించడం మంచిది. నులిపురుగుల మందు వేయించిన తేదీ రాసి పెట్టుకోండి. ఆ చీటీ తర్వాత పక్కింటివాళ్లతో మాటల్లో పనికొస్తుంది.

ఇక నేరం మీ పిల్లిదేనా? ఈ ప్రశ్న పక్కింటివాళ్ల ముందు అడగొద్దు, మీలో మీరే తేల్చుకోండి. మీ పిల్లి లోపలున్న ఈ మూడు వారాల్లోనూ వాళ్ల మడుల్లో కొత్త పెంట కనబడితే ఇంకో పిల్లి కూడా ఉన్నట్టే. రాత్రిపూట చీకట్లోనూ చూడగల చిన్న కెమెరా ఒకటి మీ గోడకు, మీ వైపునే, నేలకు 30 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో, పిల్లులు దాటే చోటుకి గురిపెట్టి రెండు వారాలు ఉంచండి. వాళ్ల కిటికీలు, వరండా అందులో పడకూడదు. పడితే గొడవ పిల్లిని దాటి ఇంకెక్కడికో పోతుంది. వీధి పిల్లులకు మీరు ఆరుబయట తిండి పెడుతుంటే ఆ గిన్నె ఎత్తేయండి, లేదా గోడకు దూరంగా, వేళకు పెట్టి పావుగంటలో తీసేయండి. గిన్నె అలాగే ఉంచితే ఊళ్లోని పిల్లులన్నీ వస్తాయి, పేరు మాత్రం మీ పిల్లికి వస్తుంది.

మాట్లాడడానికి వెళ్లేటప్పుడు సమర్థించుకునే వాక్యం ఒక్కటీ తీసుకెళ్లొద్దు. "పిల్లి కదండీ, దానికేం తెలుసు" అన్నది నిజమే కావచ్చు, కానీ పెంట ఎత్తిపోసేది వాళ్లు. మూడు విషయాలు అడిగితే చాలు: ఏ చోట, ఏ వేళలో, అన్నిటికన్నా ఇబ్బంది పెడుతున్నది ఏది. జవాబులు చాలాసార్లు ఆశ్చర్యపరుస్తాయి. "పిల్లి అంటేనే పడదు" అనుకున్న మనిషికి అసలు బాధ పిల్లలు ఆడుకునే ఇసుక గురించో, ఇంట్లో గర్భిణి ఉందన్న భయమో అయి ఉండొచ్చు. పిల్లి మలం ద్వారా సోకి, కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించిన ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. సాధారణంగా పిల్లి జీవితంలో మొదటిసారి ఆ జబ్బు సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటే క్రిమి గుడ్లను మలంలో వదులుతుంది. అవి మనిషికి సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి రోజూ పెంట ఎత్తేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. మట్టిలో మిగిలిపోతే మాత్రం నెలల తరబడి బతికుంటాయి. మట్టి పనికి చేతి తొడుగులు, ఆడుకునే ఇసుకకు మూత, ఈ రెండూ మీ ఖర్చుతో ఇస్తామనండి.

ఇంకో మాట తప్పకుండా చెప్పండి: "మా పిల్లి మీ వైపు వస్తే చప్పట్లు కొట్టండి, పైపుతో కాళ్ల దగ్గర నీళ్లు చిమ్మండి, మేమేం అనుకోం." దీన్ని చాలామంది చెప్పడానికి ఇష్టపడరు. కానీ విసిగిన మనిషి చేతిలో హాని లేని ఉపాయం ఒకటి పెడితే, హాని చేసే ఉపాయం వెతుక్కునే అవసరం తగ్గుతుంది. వాళ్లు ఎలుకల మందు, నత్తల మందు, పురుగుమందు వాడుతుంటే ఆ రోజు ముందుగా ఒక్క మెసేజ్ పెట్టమని కూడా అడగండి. పిల్లిని ఆ రోజు లోపల ఉంచుకుంటాం అని చెబితే అందులో నింద ఉండదు.

ఇప్పుడు అసలు సమస్య, పెంట. పిల్లి మెత్తగా, పొడిగా, వదులుగా ఉన్న మట్టిని వెతుక్కుంటుంది. కొత్తగా తవ్విన పూలమడి కంటే దానికి మంచి చోటు లేదు. అందుకే దాన్ని ఆపడం ఒక్కటే సరిపోదు, అంతకన్నా మంచి చోటు మీ వైపు చూపించాలి. మీ స్థలంలోనే, నలుగురూ నడవని మూల, అది ఇప్పుడు దాటే దారికి దగ్గరగా, మీటరు పొడవు మీటరు వెడల్పున 35 నుంచి 40 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీయండి. అడుగున 10 నుంచి 15 సెంటీమీటర్లు కంకర వేయాలి, నీరు దిగిపోవడానికి. పైన సన్నని ఇసుక. ముతక ఇసుకా, మట్టి కలిసిన ఇసుకా వద్దు. మొదటిది పాదాలకు గుచ్చుకుంటుంది, రెండోది వానకు గట్టిపడుతుంది. రెండు పక్కల గుబురు మొక్కలు ఉంటే చాటు దొరుకుతుంది. మొదలుపెట్టేటప్పుడు దాని లిట్టర్ ట్రేలోని (ఇంట్లో మలమూత్రాలకు పెట్టే ఇసుక పళ్లెం) తడిసిన ఇసుక ఒక గుప్పెడు ఇందులో కలపండి. రోజూ ఎత్తాలి, నెలకోసారి పై 10 సెంటీమీటర్ల ఇసుక మార్చాలి. ఈ ఏర్పాటు విఫలమయ్యేది ఎక్కువగా ఎత్తడం మానేసినప్పుడే. నిండిన మరుగుదొడ్డికి పిల్లి మళ్లీ వెళ్లదు, పక్కింటి మడి దానికి గుర్తుండనే ఉంటుంది. చోటు లేనివాళ్లు ఇంటి లోపలి ట్రే మీదే ఆధారపడాలి. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉన్న ట్రే, వాసన కలపని సన్నని ఇసుక 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం, పిల్లుల సంఖ్య కంటే ఒక ట్రే ఎక్కువ.

వాళ్ల మడుల సంగతి: వాళ్లు ఒప్పుకుంటే మీరే చేసిపెట్టండి. కోళ్ల జాలీని మడి మీద పరిచి, మొక్కల దగ్గర కత్తిరించి, పైన పలచగా మట్టి చల్లితే పిల్లికి తవ్వడం కుదరదు. జాలీ అంచులు కిందికి వంచండి, లేకపోతే తోటపని చేసేవాళ్ల చేతులు గీసుకుంటాయి. విత్తనాలు చల్లిన చోట పుల్లలు 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున గుచ్చినా చాలు. మట్టిని తడిగా ఉంచడం, పెద్ద గులకరాళ్లు పరచడం కూడా పనిచేస్తాయి. కదలిక పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ బాగా పనిచేస్తుంది. మన చెవికి వినబడని శబ్దం చేసే పరికరాలు కొన్ని పిల్లుల మీదే పనిచేస్తాయి, చాలా పిల్లులు కొన్నాళ్లకు అలవాటుపడిపోతాయి. నాఫ్తలిన్ గోళీలు, కాఫీ పిప్పి, కారప్పొడి, టీ ట్రీ లాంటి ఘాటు నూనెలు పెట్టమని చెప్పే సలహాలు వినొద్దని వాళ్లకూ చెప్పండి. నాఫ్తలిన్, కెఫీన్, ఆ నూనెలు పిల్లికి విషం. కారం పాదాలకు అంటి కళ్లలోకి చేరుతుంది.

గుమ్మం మీద చిమ్మిన మూత్రం వాసన పోకపోతే మళ్లీ అక్కడే చిమ్ముతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు మూత్రం వాసననే గుర్తుచేస్తాయి. ఫినాయిల్‌లోని ఫినాల్ పిల్లికి హాని. ఎంజైములున్న బట్టల సబ్బుపొడిని ఒక వంతుకు తొమ్మిది వంతుల గోరువెచ్చని నీళ్లలో కలిపి తుడవండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరాక సర్జికల్ స్పిరిట్ అద్దండి. రంగు వేసిన తలుపైతే ముందు ఓ మూల పరీక్షించాలి. కారు విషయం తేలిక: పిల్లి వెచ్చదనం కోసం ఎక్కుతుంది, గీతలు పడేది ఎక్కేటప్పుడు జారిన గోళ్ల వల్ల, పాదాలకంటిన ఇసుక వల్ల. మంచి కవరొకటి కొనిచ్చేయండి. ఇంజిన్ లోపల దూరే అలవాటుంటే స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టమని చెప్పండి.

మూడు వారాలయ్యాక బయటికి వదలడం ఎలా? వేళ ప్రకారం. పిల్లులు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, మసక చీకట్లో. వాహనాల కింద పడేది, కొట్లాడేది, వేటాడేది, పక్కింటివాళ్ల నిద్ర చెడగొట్టేది కూడా చాలావరకు ఆ చీకటి వేళల్లోనే. కాబట్టి పొద్దుగుంకడానికి గంట ముందు నుంచి మర్నాడు బాగా తెల్లారేదాకా లోపలే. దాన్ని రప్పించేది తిండి. లోపల ఉన్న మూడు వారాల్లోనే రోజుకు రెండు పూటలా వేళ తప్పకుండా, ప్రతిసారీ ఒకే చప్పుడు చేసి, డబ్బా ఊపడమో ఈల వేయడమో, వెంటనే తిండి పెట్టండి. గిన్నెలో పొద్దంతా తిండి ఉంచితే ఈ పాఠం ఎక్కదు. మొదటిసారి వదిలేది ఆకలి మీద ఉన్నప్పుడు, సాయంత్రం భోజనానికి పది పదిహేను నిమిషాల ముందు. పిలవగానే వచ్చిందా, మర్నాడు ఇంకో పది నిమిషాలు. రాలేదా, ఒక మెట్టు వెనక్కి. మైక్రోచిప్‌ని గుర్తుపట్టే పిల్లి తలుపు (పిల్లి తోసుకుని వచ్చిపోయే చిన్న తలుపు) ఉంటే సాయంత్రం దాన్ని "లోపలికి మాత్రమే" అన్న అమరికలో పెట్టండి.

పక్షులను, కోడిపిల్లలను పట్టుకుంటోందన్నది ఫిర్యాదులో లేకపోయినా రేపు రావచ్చు. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో మాంసకృత్తులు ఎక్కువగా, ధాన్యం లేకుండా ఉన్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చిన వేట 36 శాతం తగ్గింది. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఈకల కర్రతో ఆడిస్తే 25 శాతం తగ్గింది. గంట కట్టిన పిల్లుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్నది ఎలుకల సమస్య, కట్టినా పెద్ద లాభం లేదన్నది మన సమస్య! కాలర్ మాత్రం కట్టండి, ముదురు రంగుది, ఫోన్ నంబరుతో. "ఈ పిల్లికి ఇల్లుంది, ఆపరేషన్ అయింది" అని ఉంటే ఇంకా మేలు. పట్టీ కొమ్మకో చువ్వకో చిక్కుకున్నప్పుడు దానంతటదే ఊడే రకమే కొనాలి. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఎలాస్టిక్ పట్టీల్లో ముందు కాలు ఇరుక్కుని చంక కోసుకుపోతుంది.

ఇంత చేసినా గొడవ తగ్గే మనిషి కాదనిపిస్తే, పిల్లికి ఆరుబయలు ఉండాలి, పొరుగు ఉండకూడదు. రెండు దారులున్నాయి. మొదటిది మీ గోడనే దాటలేనిదిగా చేయడం. గోడ కనీసం 1.8 మీటర్లు ఉండాలి. పైన మీ వైపుకి 45 డిగ్రీల వాలులో వంగిన బ్రాకెట్లు బిగించి, 45 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పున జాలీ కొంచెం వదులుగా కట్టాలి. బిర్రుగా కడితే అది పిల్లికి నిచ్చెనవుతుంది. కంచె అయితే కింద 30 సెంటీమీటర్ల జాలీని నేల మీద లోపలివైపుకి పరిచి రాళ్లు పెట్టాలి. గోడ పక్క చెట్టుంటే ఈ శ్రమంతా దండగే. కాండం చుట్టూ మీటరున్నర ఎత్తులో 60 సెంటీమీటర్ల వెడల్పు నున్నని రేకు చుట్టండి, గోడ వైపు కొమ్మలు కొట్టేయండి. రెండోది జాలీ గది. 25 మిల్లీమీటర్లకు మించని గళ్లున్న వెల్డెడ్ జాలీ, పైకప్పు కూడా జాలీయే, సగానికి నీడ, వేర్వేరు ఎత్తుల్లో 25 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు పలకలు, ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు. పిల్లికి నేల వైశాల్యం కంటే ఎత్తు ముఖ్యం. ఒక కిటికీ నుంచి సొంతంగా వచ్చిపోయే దారి ఉంటే ఎక్కువగా వాడుకుంటుంది. ఈ రెంటిలో జాలీ గదే నమ్మదగింది. గోడ ఏర్పాటులో ఒక్క బ్రాకెట్ వదులైనా మీకంటే ముందు పిల్లికే తెలుస్తుంది.

విషం గురించి తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇక్కడ ఆలస్యమే చంపుతుంది. నడకలో తూలడం, వాంతులు, విపరీతమైన దాహం అంటే కారు కూలెంట్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ కావచ్చు. నాలుగు కిలోల పిల్లి ప్రాణం పోవడానికి అది ఒక టీస్పూను చాలు. విరుగుడు మూడు గంటల లోపు పడాలి, మధ్యలో పిల్లి కోలుకున్నట్టు కనబడినా నమ్మొద్దు. చొంగ, వణుకు, బాగా చిన్నవైపోయిన కంటిపాపలు అంటే పురుగుమందు. వణుకు, మూర్ఛలు అంటే నత్తల మందు లేదా కుక్కలకు పేలు, పిడుదులు పోవడానికి వాడే పర్మెత్రిన్ మందు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగి ముఖం, పాదాలు వాస్తే పారాసెటమాల్. ఒక్క మాత్రకే పిల్లి పోవచ్చు. రక్తం గడ్డకట్టనివ్వని ఎలుకల మందైతే లక్షణాలు కొన్ని రోజుల తర్వాత గానీ రావు: నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ఆయాసం, ముక్కు నుంచి రక్తం. దానికి కె1 విటమిన్ వారాల తరబడి ఇస్తారు. వీటిలో దేనికైనా ఇంట్లో ఉప్పునీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి, పిల్లి కడుపు లోపలి పొర దెబ్బతింటుంది. పాలూ నూనే పోయకండి. ఒంటి మీద మందు అంటుకుని ఉంటే నాక్కోకుండా గుడ్డలో చుట్టి, దారిలోనే డాక్టర్‌కి ఫోన్ చేస్తూ బయల్దేరండి. అనుమానంగా కనబడిన తిండి ముక్క, ప్యాకెట్, వాంతి కొంచెం వేర్వేరు సంచుల్లో పట్టుకెళ్లండి.

ఉద్దేశపూర్వకంగా జరిగిందని అనుమానమొస్తే ఎవరి పేరూ వీధిలోనూ, వాట్సాప్ గ్రూపులోనూ ఎత్తొద్దు. రుజువు లేని ఆరోపణ మీ మీదికే తిరుగుతుంది, నిజంగా చేసినవాడు జాగ్రత్తపడతాడు కూడా. బెదిరించిన మెసేజ్‌లు తేదీతో సహా దాచండి, నోటిమాటలైతే అదే రోజు, వేళ, విన్నవాళ్ల వివరాలతో రాసిపెట్టుకోండి. గాయాలకు ఫోటోలు, పక్కన కొలత కోసం స్కేలు. డాక్టర్ రిపోర్టులో "విషప్రయోగం అనుమానం" అని రాయించుకోండి. పిల్లి చనిపోతే పాతిపెట్టే ముందు శవపరీక్ష అడగండి. శవాన్ని ఫ్రిజ్‌లో చల్లగా ఉంచాలి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు. గడ్డకడితే కణజాలం పాడై పరీక్షకు అంతగా పనికిరాదు. జంతువులను హింసించడం చాలా దేశాల్లో నేరం. ఫిర్యాదు నిలబడేది ఈ కాగితాల మీదే.

పిల్లి ఒక పూట రాకపోతే వెంటనే పక్కింటివాళ్ల మీదికి వెళ్లకండి. తప్పిపోయిన పిల్లుల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో దొరికినవాటిలో 75 శాతం అవి తప్పిపోయిన చోటుకి 500 మీటర్ల లోపే దొరికాయి. ముందు షెడ్లు, గ్యారేజీలు, మెట్ల కింద, మూసి ఉన్న గదులు తెరిపించి చూడండి. రాత్రి వీధి నిశ్శబ్దమయ్యాక టార్చిని కంటి ఎత్తున పట్టుకుని పొదల్లో మెరిసే కళ్ల కోసం వెతకండి. భయపడిన పిల్లి పిలిస్తే పలకదు.

చివరగా, లోపల ఉంచే ఆ మొదటి వారాల్లోనే ఒక ప్రమాదం ఉంది. బయట తిరిగే మగ పిల్లిని ఒక్కసారిగా బంధిస్తే ఒత్తిడికి మూత్రాశయం వాచి, మూత్రనాళం మూసుకుపోవచ్చు. తడి తిండి పెట్టండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచండి, కిటికీ దగ్గర ఎత్తైన కూర్చునే చోటు ఇవ్వండి, రోజుకు రెండుసార్లు ఆడించండి. ట్రేలో మూత్రం తడికి ఇసుక కట్టిన గడ్డలు రోజూ లెక్కపెట్టండి. పదే పదే ట్రేలోకి వెళ్లి ముక్కుతూ చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.